టెక్స్చర్ ఆర్ట్ నమ్ముకుని చెన్నైలో బతకొచ్చా? డిజైనర్ చదరపు అడుగు రేటు అడుగుతున్నారు

తాటిమాను_మడిపాక్కం

అందరికీ నమస్తే. మాది నెల్లూరు, పెళ్లయ్యాక చెన్నై వచ్చాను. పిల్లలకు డ్రాయింగ్ క్లాసులు చెప్పుకుంటూ మిగతా టైమ్‌లో టెక్స్చర్ పెయింటింగులు, అంటే పేస్ట్ మందంగా వేసి గరుకుగా ఎత్తుపల్లాలు తెచ్చే బొమ్మలు, చేస్తుంటాను. తాటిమాను మీద మట్టలు రాలిపోయిన చోట మిగిలే వలయాలు, వేప బెరడు నెర్రెలు, ఇలాంటివే చేస్తాను. ఈమధ్య తాబేలు జాడల సిరీస్ ఒకటి మొదలుపెట్టా. జనవరి నుంచి మార్చి దాకా బీసెంట్ నగర్ బీచ్‌కి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి కదా, తెల్లారుజామున వెళితే ఇసుకలో మధ్యన పొట్ట ఈడ్చుకెళ్లిన చాలు, దానికి అటొకటి ఇటొకటి రెక్కల గుర్తులు కనిపిస్తాయి. మోడలింగ్ పేస్ట్ (బొమ్మ ఉబ్బెత్తుగా రావడానికి వేసే చిక్కటి ముద్ద)తో అది భలే వస్తుంది.

ఇప్పుడు ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) ఫ్లాట్లకు పనిచేసే ఒక ఇంటీరియర్ డిజైనర్ నా పని చూసి, 4 అడుగులకు 3 అడుగుల సైజులో పది కావాలన్నారు. పదీ అచ్చం ఫొటోలో ఉన్నట్టే ఉండాలట, చదరపు అడుగు రేటు మాట్లాడుకుందామన్నారు, నా సంతకం మాత్రం కనిపించకూడదట. మా ఆయన ఒప్పేసుకో అంటున్నారు. అమ్మ అయితే ఇప్పటికీ "బీఎడ్ చేసుంటే ఈపాటికి" దగ్గరే ఆగిపోయింది. నాకేమో టెన్షన్. రేటు ఎలా కట్టాలి? సంతకం లేకుండా ఇవ్వొచ్చా? ఇంకోటి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో మందం కోటింగులు ఆరవు, ఆరినా వెంట్రుకంత పగుళ్లు వస్తున్నాయి. చాక్ పౌడర్, తెల్ల జిగురు కలిపి నేనే పేస్ట్ చేసుకుంటున్నాను, కాన్వాస్ మీద వేస్తున్నాను. సలహా ఇవ్వండి ప్లీజ్.

పుట్టీబ్లేడ్

అమ్మా, వేళచ్చేరి నుంచి షోళింగనల్లూరు దాకా టెక్స్చర్ గోడలు చేయించేది నేనే, కాబట్టి లెక్క నన్ను చెప్పనీ. చదరపు అడుగు రేటుకు ఒప్పుకో, కానీ మందం చెప్పకుండా రేటు చెప్పకు. ఒక చదరపు అడుగు మీద 3 మిల్లీమీటర్లు పరిస్తే దాదాపు 280 మిల్లీలీటర్ల పేస్ట్ తాగుతుంది. 4 బై 3 అంటే 12 చదరపు అడుగులు, అంటే మూడు లీటర్ల పైమాట, అదీ ఎత్తుపల్లాలు లేకుండా సాపుగా వేస్తేనే. నీ తాటి వలయాలు 6 మిల్లీమీటర్లు లేస్తే అక్కడ ఖర్చు రెట్టింపు. పలచటి పనికి ఒక రేటు, లోతు పనికి ఒక రేటు పెట్టు. పేస్ట్, బోర్డు, వార్నిష్ ఖర్చు వేరే రాసుకో, నీ రోజుకూలి వేరే రాసుకో, దాని మీద లాభం వేసుకో. కూలి మర్చిపోయే ఆడవాళ్లే ఎక్కువ, ఇంట్లో కూర్చుని చేసేదేగా అనుకుంటారు.

పగుళ్ల సంగతికొస్తే, ఒకేసారి మందంగా వేస్తే పైన పొర కట్టేసి లోపల తడి ఉండిపోతుంది, తర్వాత లోపలిది ముడుచుకునేటప్పుడు పైది చీలుతుంది. రెండేసి మిల్లీమీటర్లు వేసి ఆరనిచ్చి మళ్లీ వెయ్యి. కాన్వాస్ ఊగుతుంది, మందం పనికి అది పనికిరాదు, బోర్డు మీదికి మారిపో. ఆ తెల్ల జిగురు మన ఊరి తేమకు మళ్లీ మెత్తబడుతుంది, బూజు కూడా పడుతుంది. ఇంట్లో చేసుకోవాలంటే అక్రిలిక్ బైండర్‌లో (పొడిని పట్టి ఉంచే జిగురు) పాలరాతి పొడి కలుపుకో. సిమెంట్ పుట్టీ జోలికి మాత్రం పోకు, క్షారం వల్ల కొన్ని రంగులు చచ్చిపోతాయి. బీచ్ ఇసుక కలుపుతున్నావా? ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడక్కపోతే ఏడాది తిరిగేసరికి తెల్లగా పూస్తుంది. అక్వేరియం షాపులో దొరికే సన్న ఇసుక హాయి.

సగం అడ్వాన్స్, మిగతాది సరుకు వాళ్ల గుమ్మం దాటకముందే. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకు.

ఈసీఆర్_గాలి

లెక్కంతా బాగుంది గానీ పుట్టీబ్లేడ్ గారూ, పది అచ్చు ఒకటే చేసి పేరు లేకుండా ఇచ్చేస్తే ఆ పని రేపు ఇంకెవరైనా తక్కువకు చేస్తారు. చెల్లీ, మీరు ఒకసారి ఇంజంబాక్కంలో చోళమండలం చూసి రండి, మీ ఇంటికి పెద్ద దూరమేం కాదు. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్, ఆయన దగ్గర చదివిన కళాకారులు కలిసి కట్టుకున్న ఊరది. బొమ్మలు అమ్ముకుని బతకలేమని వాళ్లకు ముందే తెలుసు. అందుకే బాతిక్ (మైనం పూసి రంగులద్దే) బట్టలు, చేతిపనుల వస్తువులు చేసి అమ్మారు, ఆ డబ్బుతోనే స్థలం కొన్నారు. పొద్దున బాతిక్, సాయంత్రం సొంత పెయింటింగ్ అన్నమాట. బాతిక్ చేసినందుకు వాళ్ల కళ ఏమీ చిన్నబోలేదు, కానీ ఆ రెంటినీ కలిపేసుకోలేదు కూడా. ఆ తరంలోనే శిల్పి పి.వి. జానకిరామ్ రాగి రేకు మీద తీగలు అతికి చేసిన పని చూస్తే టెక్స్చర్ అనేది మొన్న ఇన్‌స్టాలో పుట్టింది కాదని తెలుస్తుంది.

మీరూ అలాగే గీత గీసుకోండి. డిజైనర్లకు వేరే లైన్ పెట్టండి, బెరడు, ఇసుక అలలు లాంటివి, ఒకదానిలా ఇంకోటి ఉండదని ముందే చెప్పేసి. తాబేలు జాడలు మాత్రం వాళ్లకు ఇవ్వకండి. అది సిరీస్‌గా పూర్తయ్యాక గ్రీమ్స్ రోడ్ లలిత కళా అకాడమీలో గ్యాలరీ తీసుకునే సంగతి చూడొచ్చు. ప్రైవేట్ గ్యాలరీలైతే అమ్మకంలో మూడో వంతు నుంచి సగం దాకా కమిషన్ తీసుకుంటాయి, కాబట్టి మీరు ఇంటి దగ్గర చెప్పే రేటు, అక్కడ చెప్పే రేటు ఒకటే ఉండేలా ఇప్పుడే కాస్త పైన పెట్టుకోండి.

పుట్టీబ్లేడ్

గీత గీసుకోవడం మంచిదే, కాదనను. గ్యాలరీ డబ్బు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, కరెంటు బిల్లు మాత్రం రెండు నెలలకోసారి ఠంచనుగా వస్తుంది.

జయనగర్_జకరండా

నాది బెంగళూరు. జనవరిలో ఇక్కడ కర్ణాటక చిత్రకళా పరిషత్తు వాళ్ల చిత్రసంతె జరుగుతుంది, ఆ ఆదివారం కుమారకృపా రోడ్డు మొత్తం బొమ్మలే. ముందుగా అప్లై చేసుకోవాలి. అక్కడ పెద్ద పీసులను జనం చూసి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు, అరడుగు, అడుగు సైజువి చేతిలో పట్టుకెళ్లిపోతారు. టెక్స్చర్ పని అయితే వేళ్లతో తడమకుండా ఒక్కరూ ఉండరు, అందుకని "ముట్టుకోండి" అని రాసి ఒక శాంపిల్ ముక్క విడిగా పెట్టండి, మిగతావి బతుకుతాయి. చెన్నై నుంచి రైల్లో తెచ్చేటట్టయితే బొమ్మ ఉపరితలానికి బబుల్ రేపర్ నేరుగా తగలనివ్వకండి, అక్రిలిక్ మీద ఆ బుడగల గుర్తులు పడిపోతాయి. మధ్యలో బటర్ పేపర్ వేయండి.

సెక్షన్_సుబ్బు

సంతకం గురించి ఎవరూ చట్టం చెప్పలేదు. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 17(బి) ప్రకారం డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద పెయింటింగ్ వేస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైట్ మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్లే. అంటే రేపు ఆ డిజైనర్ మీ డిజైన్‌ని ప్రింట్లు తీసి అమ్ముకున్నా అడ్డుకోవడం కష్టం. కాబట్టి "కాపీరైట్ నాదే, కొన్నవారికి గోడకు పెట్టుకునే హక్కు మాత్రమే" అని కొటేషన్‌లోనే రాసి, రెండు వైపులా సంతకాలు పెట్టించుకోండి. సెక్షన్ 57 కింద ఇది నేను చేసిన పని అని చెప్పుకునే హక్కు మాత్రం కాపీరైట్ ఇచ్చేసినా మీ దగ్గరే ఉంటుంది. బొమ్మ ముందు పేరు లేకపోతే పోయిందేమీ లేదు, వెనకాల పేరు, తేదీ, వాడిన మెటీరియల్ రాయండి.

జీఎస్టీ చేత్తో వేసిన పెయింటింగులకు 2025 సెప్టెంబర్ 22న 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. సరుకు మీద 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ క్లాసులు, గోడ పనులు సర్వీసు కిందికి వస్తాయి, వేరే రాష్ట్రానికి అమ్మితే ఇంకో లెక్క. బెంగళూరు సంతెకు వెళ్లేముందు ఒక సీఏని అడగండి.

తాటిమాను_మడిపాక్కం

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. డిజైనర్‌కి మెసేజ్ పెట్టేశా: పది ఇస్తాను, పదీ బెరడే, ఏ రెండూ ఒకేలా ఉండవు, వెనకాల నా పేరు ఉంటుంది, కాపీరైట్ నాది, సగం అడ్వాన్స్. నీలి టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. సుబ్బు గారూ, ఆ కొటేషన్ వాక్యం యథాతథంగా వాడేసుకున్నా. పుట్టీబ్లేడ్ గారూ, 4 బై 3కి ఎండీఎఫ్ (చెక్కపొట్టు నొక్కి చేసే బోర్డు) చాలా? ఇంకా గుల్లసున్నంతో చేసి చూడాలని ఎప్పటినుంచో ఉంది, పాత మద్రాసు ఇళ్ల గోడల్లో అద్దంలా మెరిసే ఆ సున్నం పని చూశాక.

పుట్టీబ్లేడ్

ఎండీఎఫ్ వద్దమ్మా, అంచుల్లో నీళ్లు తాగి ఉబ్బుతుంది. 6 ఎంఎం ప్లై తీసుకుని వెనక చెక్క చట్రం కొట్టించు, 12 ఎంఎం కంటే తేలిక. ముందు వెనక రెండు వైపులా ప్రైమర్ పడాలి, లేకపోతే వంగిపోతుంది. తగిలించడానికి ఒక మేకు కాదు, రెండు హుక్కులు.

గుల్లసున్నం బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ తొందరపడేవాళ్లకు కాదు, గట్టిపడటానికి వారాలు తీసుకుంటుంది. రంగు కలిపితే జేగురు, పసుపు మట్టి లాంటి మట్టి రంగులే కలుపు, ప్రష్యన్ బ్లూ సున్నంలో నిలవదు. ముందు అడుగు ముక్క మీద చేసి చూడు, ఈ డిజైనర్ ఆర్డర్‌లో మాత్రం పెట్టకు. జవాబు రాలేదని నువ్వు మళ్లీ మెసేజ్ పెట్టి రేటు తగ్గించకు, సోమవారం దాకా ఆగు.