ఫస్టియర్ కాలిక్యులస్‌లో 20కి 6, కోడింగ్ అందరికీ ముందే వచ్చు నాకు తప్ప... కోర్సు మారిపోనా?

ఖాళీ_నోట్‌బుక్:
అందరికీ నమస్తే. ఎక్కడ అడగాలో తెలీక ఇక్కడ రాస్తున్నా, పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి ప్లీజ్. నేను కంప్యూటర్ సైన్స్ ఫస్టియర్. స్కూల్లో లెక్కల్లో డౌట్ వస్తే పక్కవాళ్ళు నన్నే అడిగేవాళ్ళు, ఆ ధైర్యంతోనే ఈ కోర్సులో చేరా. మొన్న మొదటి కాలిక్యులస్ పరీక్షలో 20కి 6 వచ్చింది. ఆరు! పేపర్ నాది కాదేమో అనుకుని పేరు చూసుకున్నా, నాదే. చదవకుండా వెళ్ళానా అంటే అదీ లేదు, రోజూ రాత్రి రూమ్‌లో కూర్చుని నోట్స్ మొత్తం రెండు మూడుసార్లు చదివా, క్లాసులో చేసిన లెక్కలన్నీ మళ్ళీ చూసుకున్నా, చూస్తున్నంతసేపూ అన్నీ వచ్చేసినట్టే ఉంటాయి, హాల్లో పేపర్ చేతికొచ్చాక మాత్రం మొదటి లైన్ ఎలా మొదలెట్టాలో తట్టదు.

ప్రోగ్రామింగ్ ఇంకా ఘోరం. సార్ ఫర్ లూప్ చెప్తుంటే వెనక బెంచీ నుంచి ఒకడు లేచి "దీనికి రికర్షన్ వాడొచ్చు కదా సార్, టైమ్ కాంప్లెక్సిటీ ఎంత" అంటాడు. నాకు ఆ రెండు మాటలూ తెలీవు. ల్యాబ్‌లో నా స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలే, చుట్టూ అందరూ ముగించేసి ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. అడగాలంటే సిగ్గు, ఇంట్లో ఇంకా చెప్పలేదు. వేరే కోర్సుకి మారడానికి ఇంకొన్ని వారాలు టైమ్ ఉంది. మారిపోవడమే మంచిదా? ఓదార్పు మాటలు వద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

సెగ్మెంటేషన్_ఫాల్ట్:
తమ్ముడూ, నేను ఫైనలియర్. ల్యాబ్ సంగతే మాట్లాడతా, కాలిక్యులస్ గురించి చెప్పే అర్హత నాకు లేదు, నేనూ బొటాబొటీగా గట్టెక్కినవాణ్ణే. ముందు ఆ వెనక బెంచీ వాడి గోల వదిలెయ్. వాడు స్కూల్లోనే నాలుగేళ్ళు కోడ్ రాసి వచ్చుంటాడు, నువ్వు మొదలుపెట్టి ఎన్నాళ్ళయింది, రెండు నెలలు? వాడికి ముందే వచ్చు, అంతే, దాన్ని తెలివి అనుకుని నువ్వు కుంగిపోతున్నావ్. మా బ్యాచ్‌లోనూ ఇలాంటివాళ్ళు ముగ్గురు ఉండేవాళ్ళు, థర్డియర్‌కి వచ్చేసరికి ఎవరు ముందు మొదలెట్టారో ఎవరికీ గుర్తులేదు.

ఇక ఎర్ర అక్షరాలు. వాటిని చూసి భయపడతావు గానీ చదవవు, అవునా? నేనూ అంతే, ఫస్ట్ సెమ్ మొత్తం ఎర్రర్ రాగానే కోడ్‌లో ఏదో ఒకటి మార్చేసి మళ్ళీ రన్ కొట్టేవాణ్ణి, లాటరీ టికెట్ గీకినట్టు. పైథాన్ అయితే కింద నుంచి చదువు, అసలు తప్పేంటో చివరి లైన్‌లో ఉంటుంది, దాని పైన ఏ లైన్ నంబర్‌లో పేలిందో ఉంటుంది. సీ అయితే తిరగేసి, మొదటి ఎర్రర్ ఒక్కటే చూడు, ఒక్క సెమీకోలన్ మర్చిపోతే కంపైలర్ ముప్పై తిట్లు తిడుతుంది, మొదటిది సరిచేసి మళ్ళీ కంపైల్ చేస్తే మిగతావి చాలావరకు వాటంతట అవే పోతాయి. ప్రోగ్రామ్ నడిచి కూడా తప్పు జవాబు ఇస్తుంటే మధ్యమధ్యలో ప్రింట్ పెట్టి వేరియబుల్ విలువ ఏముందో చూడు. నువ్వు 5 ఉందనుకున్న చోట 4 ఉంటుంది, బగ్గు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఇదేదో గొప్ప విద్య కాదు, కానీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, అందరికీ వచ్చనే అనుకుంటారు.

ఇంకోటి, చాట్‌బాట్‌ని అడిగి కోడ్ తెచ్చుకుని అతికించకు. నీ ఎర్రర్‌కి అర్థమేంటని అడుగు, తప్పులేదు. కోడ్ మొత్తం అదే రాసిస్తే నీ పరిస్థితి కాలిక్యులస్ నోట్స్ చదివినట్టే అవుతుంది, చూస్తుంటే అన్నీ వచ్చినట్టే ఉంటాయి.

ఖాళీ_నోట్‌బుక్:
థాంక్స్ అన్నా. తమ్ముణ్ణి కాదు, చెల్లిని 🙂 మా ల్యాబ్‌లో అమ్మాయిలం తక్కువ, అడగడానికి సిగ్గు అన్నది అందుకే కూడా.

సెగ్మెంటేషన్_ఫాల్ట్:
అయ్యో సారీ చెల్లీ. చూడకుండా తమ్ముడు అనేశా, మా ఫీల్డ్ జబ్బు నాకూ ఉందన్నమాట.

చాక్‌పీస్:
నేను ఫస్టియర్ వాళ్ళకి మ్యాథ్స్ చెప్తానమ్మా, చాలా ఏళ్ళుగా. నీ పోస్ట్‌లో నన్ను పట్టుకున్నది ఆరు మార్కులు కాదు, "రోజూ రాత్రి రూమ్‌లో కూర్చుని" అన్న మాట. ఒంటరిగా అనే కదా?

1970ల్లో అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో యూరీ ట్రీస్‌మన్ అనే ఆయనకి ఇదే ప్రశ్న ఎదురైంది. స్కూల్లో బాగా చదివి వచ్చిన నల్లజాతి పిల్లలు కాలిక్యులస్‌లో ఎందుకు దెబ్బతింటున్నారు, చైనీస్ అమెరికన్ పిల్లలు అదే క్లాసులో ఎలా నెగ్గుకొస్తున్నారు అని. తోటి లెక్చరర్లని అడిగితే పట్టుదల లేదనీ, పునాది సరిగ్గా పడలేదనీ, ఇంట్లో ప్రోత్సాహం లేదనీ తలా ఒకటి చెప్పారు. ఆయన వాటిని నమ్మి ఊరుకోకుండా రెండు గుంపుల్లోనూ 20 మంది చొప్పున తీసుకుని వాళ్ళు ఎలా చదువుతున్నారో నెలల తరబడి దగ్గరుండి చూశాడు. చూస్తే ఆ కారణాలేవీ నిలబడలేదు. మొదటి గుంపు పిల్లలు, లెక్చరర్లు చెప్పినట్టే, వారానికి 8 గంటలు నిజాయితీగా చదువుతున్నారు, కానీ ఎవరి గదిలో వాళ్ళు. రెండో గుంపు కూడా విడివిడిగా చదివేది, కాకపోతే ఆ తర్వాత ఒకచోట చేరి జవాబులు సరిచూసుకునేవాళ్ళు, ఒకడి తప్పు ఇంకొకడు పట్టుకునేవాడు, అందరూ ఒకే చోట ఇరుక్కుంటే లెక్కే కష్టమని తెలిసిపోయేది. ఒంటరిగా కూర్చున్నవాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? లెక్క కష్టమైనప్పుడల్లా నాకే బుర్ర లేదనుకుంటాడు.

తర్వాత ఆయన చేసిన పని నాకు మరీ నచ్చుతుంది. వెనకబడ్డారు కదా అని తేలిక లెక్కలతో స్పెషల్ క్లాసు పెట్టలేదు. ఇంకా కష్టమైన లెక్కలిచ్చి కలిసి చేయమన్నాడు. పిల్లలు నిలబడ్డారు. మా దగ్గర ఇప్పటికీ ఫెయిల్ అయినవాళ్ళని విడిగా కూర్చోబెట్టి అవే మెట్లు ఇంకా నెమ్మదిగా చెప్తాం, వాళ్ళకి అదొక శిక్షలా ఉంటుంది, నాకూ అలాగే ఉంటుంది.

చదివితే వచ్చినట్టు అనిపించడం గురించి కూడా చెప్పాలి. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో చూశారు, చక్కటి లెక్చర్ విన్న పిల్లలు బాగా నేర్చుకున్నాం అన్నారు, తామే కుస్తీపట్టి లెక్కలు చేసినవాళ్ళు మాకేం రాలేదన్నారు, పరీక్ష పెడితే రెండోవాళ్ళకే ఎక్కువ వచ్చింది. కాబట్టి హాయిగా సాగుతోందంటే అనుమానించు. సాల్వ్ చేసిన లెక్క ఒకటి చదువు, పుస్తకం మూసెయ్, తెల్లకాగితం మీద మొదటి నుంచీ రాయి. ఆగిపోయిన చోట గీత గీసి, అప్పుడు మాత్రమే తెరిచి చూడు. ఇంటిగ్రేషన్ బై పార్ట్స్‌లో, అంటే రెండు ఫంక్షన్ల గుణకారాన్ని ఇంటిగ్రేట్ చేసే పద్ధతిలో, చాలామంది ఆగేది లెక్క మధ్యలో కాదు, ఆ రెంటిలో దేన్ని యు అనుకోవాలి అన్న మొదటి అడుగులోనే. నీకు హాల్లో తట్టని మొదటి లైన్ అదే, నోట్స్‌లో ఆ నిర్ణయం ముందే జరిగిపోయి ఉంటుంది కాబట్టి నువ్వు ఎప్పుడూ తీసుకోలేదు.

మీ సార్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ గీత గీసిన కాగితం పట్టుకెళ్ళు. "సార్ ఏమీ అర్థం కాలేదు" అంటే మాకూ ఎక్కడ మొదలెట్టాలో తెలీదు, మళ్ళీ అదే పాఠం చెప్పి పంపిస్తాం. "ఇక్కడిదాకా వచ్చా, ఇక్కడ ఆగా" అంటే ఐదు నిమిషాల పని.

జెండా_ఎత్తేశా:
అందరూ ఉండిపో ఉండిపో అంటున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తా. నేను సెకండియర్‌లో ఫిజిక్స్ వదిలేసి స్టాటిస్టిక్స్‌కి మారా, ఇప్పటికీ బాధ లేదు. మారడం ఓడిపోవడం కాదు. కానీ ఎందుకు మారుతున్నావో చూసుకోవాలి. ఎలైన్ సీమౌర్, నాన్సీ హ్యూవిట్ అని ఇద్దరు అమెరికాలో ఏడు క్యాంపస్‌లు తిరిగి 300 మందికి పైగా విద్యార్థులతో మాట్లాడి 1997లో పుస్తకం వేశారు, అందులో తేలిందేంటంటే సైన్స్ వదిలేసినవాళ్ళకీ ఉండిపోయినవాళ్ళకీ తెలివిలో పెద్ద తేడా లేదు, పాఠం సరిగ్గా చెప్పట్లేదన్న కంప్లయింట్ రెండువైపులా ఉంది, ఉండిపోయినవాళ్ళు ఎలాగో తట్టుకున్నారు అంతే. అంటే 20కి 6 వచ్చిందని మారితే తప్పుడు కారణంతో మారినట్టు. నేను మారినప్పుడు నాకు మార్కులు బానే ఉన్నాయి, ల్యాబ్ పని మీదే విసుగు. ప్రోగ్రామ్ ఒకటి చివరికి నడిచినప్పుడు నీకు ఒక్కసారైనా "అబ్బ" అనిపించిందా లేదా? అది చెప్పు ముందు.

చాక్‌పీస్ గారూ, మీరు ఆ ట్రీస్‌మన్ కథ చెప్పారు బాగుంది, కానీ తప్పంతా పిల్లలు ఒంటరిగా చదవడమే అన్నట్టు వినిపిస్తోంది. క్లాసులో గంటసేపు బోర్డు వైపు తిరిగి రాసుకుంటూ పోయేవాళ్ళ సంగతేంటి?

చాక్‌పీస్:
ఒప్పుకుంటా. 2014లో 225 అధ్యయనాలు కలిపి చూశారు, ఉత్త లెక్చర్ క్లాసుల్లో నూటికి దాదాపు 34 మంది ఫెయిలైతే, పిల్లల చేత పని చేయించే క్లాసుల్లో 22 మంది. ఆ తేడా పిల్లలది కాదు, మాది. నేనూ చాలాకాలం బోర్డు వైపు తిరిగే చెప్పాను.

ఆ వెనక బెంచీ అబ్బాయి సంగతి కూడా టీచర్ చూసుకోవాల్సిందే. అమెరికాలో హార్వీ మడ్ కాలేజీలో మొదటి ప్రోగ్రామింగ్ కోర్సుని రెండుగా విడగొట్టారు, ముందే వచ్చినవాళ్ళకి ఒకటి, అసలు రానివాళ్ళకి ఒకటి. క్లాసులో గొప్పలు పోయే పిల్లాణ్ణి విడిగా పిలిచి, నీతో మాట్లాడటం నాకిష్టం, ఇవన్నీ క్లాసయ్యాక మనిద్దరం మాట్లాడుకుందాం అని చెప్పేవాళ్ళు. ఇలాంటివి మరికొన్ని కూడా చేశారు, కంప్యూటర్ సైన్స్‌లో అమ్మాయిలు నూటికి పది మంది ఉన్న చోట కొన్నేళ్ళలోనే నలభై దాకా వచ్చారు.

ఐసోమెట్రిక్_బాధితుడు:
మధ్యలో దూరుతున్నా సారీ. నాది మెకానికల్, లెక్కలు ఓకే, ఇంజినీరింగ్ డ్రాయింగే చంపుతోంది. వస్తువుని మనసులో తిప్పి అవతలి వైపు ఎలా ఉంటుందో ఊహించు అంటారు, నాకేమీ కనపడదు. ఇది పుట్టుకతో రావాల్సిందేనా?

చాక్‌పీస్:
కాదు బాబూ, నేర్చుకుంటే వస్తుంది. అమెరికాలో మిషిగన్ టెక్ యూనివర్సిటీలో షెరిల్ సోర్బీ అనే ప్రొఫెసర్ 1993 నుంచీ దీనికోసమే ఒక కోర్సు నడిపారు. చేరగానే వస్తువుల్ని మనసులో తిప్పే చిన్న పరీక్ష పెట్టి, తక్కువ వచ్చినవాళ్ళకి శిక్షణ ఇచ్చేవాళ్ళు. చదువుకునే రోజుల్లో ఆవిడా ఇదే సబ్జెక్ట్‌లో ఇబ్బంది పడ్డారు. మందు చాలా సాదాది, ఒకదానికొకటి తగిలించే ప్లాస్టిక్ క్యూబులు ఐదారు కలిపి ఒక ఆకారం చేసి, చేత్తో తిప్పుతూ నాలుగు వైపుల నుంచీ పెన్సిల్‌తో గీయాలి. సాఫ్ట్‌వేర్‌లో తిప్పి చూస్తే సరిపోదు, చేత్తో గీయాల్సిందే.

ఖాళీ_నోట్‌బుక్:
మూడు వారాల తర్వాత వచ్చా. జెండా_ఎత్తేశా గారూ, మీ ప్రశ్న చాలారోజులు బుర్రలో తిరిగింది. మొన్న నంబర్లని చిన్నది నుంచి పెద్దదాకా పేర్చే ప్రోగ్రామ్ రాత్రి పన్నెండున్నరకి నడిచింది, లూప్ ఒక అడుగు ముందే ఆగిపోతోందని ప్రింట్ పెట్టి నేనే కనిపెట్టా, రూమ్‌మేట్‌ని నిద్రలేపి మరీ చూపించా, తను తిట్టింది. కాబట్టి అబ్బ అనిపించింది. మారట్లేదు, ఈ సంవత్సరానికి.

కాగితం పట్టుకుని సార్ దగ్గరికి వెళ్ళా, బయట పావుగంట నిలబడి అప్పుడు తలుపు కొట్టా. ఆయన తిట్టలేదు, సబ్‌స్టిట్యూషన్ చేశాక లిమిట్స్ మార్చడం మర్చిపోతున్నా అని చూపించారు. రెండో పరీక్షలో 11. గొప్పేం కాదు, తెలుసు. అలాగే ముగ్గురం కలిసి వారానికి రెండుసార్లు క్లాస్‌రూమ్‌లో కూర్చుంటున్నాం, అందులో ఒకమ్మాయికి మొదటి పరీక్షలో వచ్చింది 5 అట, నాకంటే తక్కువ! ఇన్నాళ్ళూ నా వెనకే కూర్చుంది.

ఒక్కటే ఇబ్బంది. మూడో అతను చాలా ఫాస్ట్, మంచివాడే, కానీ మేం ప్రశ్న చదవడం పూర్తయ్యేలోపు బోర్డు మీద జవాబు రాసేస్తాడు, మేం నోట్స్‌లోకి ఎక్కించుకుంటున్నాం. మళ్ళీ మొదటికే వచ్చినట్టుంది. పొమ్మనలేం, ఏం చేయాలి?

సెగ్మెంటేషన్_ఫాల్ట్:
చెల్లీ, మార్కర్ వాడి చేతికివ్వకు. మీ ఇద్దర్లో ఒకరు బోర్డు దగ్గర నిలబడండి, వాడు కుర్చీలోంచి లేవకూడదు, నోటితో చెప్పాలి, అదీ మీరు "ఎందుకు" అని అడిగాకే. మా గ్రూపులో అలా కుర్చీలో కూర్చోబెట్టింది నన్నే. మొదటి వారం చాలా కోపం వచ్చింది.