తమ్ముడి స్కాలర్‌షిప్ లిస్టులోనే రావట్లేదు, ఎవరైనా చెప్పండి

కేఆర్ పురం అక్క:
సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇప్పుడు పదకొండున్నర. మా తమ్ముడు ఇక్కడే బెంగళూరులో బీటెక్‌లో చేరాడు. వాడికి వినపడదు, చిన్నప్పటి నుంచీ చెవికి మిషన్ పెట్టుకుంటాడు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో ఆధార్, బ్యాంకు, మార్కులు అన్నీ నింపాను, అన్నీ కరెక్టే, తీరా స్కీముల లిస్టు వస్తే అందులో వికలాంగుల స్కాలర్‌షిప్పే లేదు. మూడుసార్లు వెనక్కెళ్లి మళ్లీ చేశాను. నెట్ సెంటర్ అబ్బాయి సర్వర్ డౌన్ అంటాడు, కాలేజీ ఆఫీసులో మాకు సంబంధం లేదన్నారు. సర్టిఫికెట్ కూడా ఉంది మా దగ్గర. రెండో విడత ఫీజు కట్టే రోజు దగ్గరికొచ్చింది, నాన్నకు ఏం చెప్పాలో తెలియట్లేదు.

బెల్లందూరు బాబు:
వైకల్యం ఎంత శాతం? యూడీఐడీ, అంటే కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు ఉందా? ఇంటి ఆదాయం ఎంత? ఏ స్కీముకి పెడుతున్నారు? ఇవి లేకుండా ఎవరూ చెప్పలేరు.

హోసూరు రోడ్ మాస్టారు:
అమ్మా, ముందు ఒక మాట. వికలాంగులు అని రాయకు. వికలం అంటే లోపం ఉన్నది అని అర్థం, ఆ ముద్ర పిల్లాడి మీద మనమే వేస్తే ఎలా? 2015 డిసెంబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో దివ్యాంగులు అన్నారు, అప్పటి నుంచి కేంద్రం కాగితాల్లో అదే మాట. మన ఆంధ్రాలో శాఖ వాళ్లు విభిన్న ప్రతిభావంతులు అంటారు. నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, మాట పిల్లల్ని ఎంత కుంగదీస్తుందో చూశాను.

వేణు, మారతహళ్లి:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా. నాకు రెండో ఏట పోలియో వచ్చింది. నా కాళ్లలో దివ్యమైనదేమీ లేదండి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం పేరులో హిందీలో దివ్యాంగజన్ అని ఉంది, ఇంగ్లీషులో పర్సన్స్ విత్ డిజెబిలిటీస్ అనే ఉంది. వికలాంగుడు అంటే నాకు బాధ లేదు, కాలేజీలో మూడో అంతస్తులో క్లాసు వేసి లిఫ్టుకి తాళం వేస్తే బాధ. ఆ చట్టం 32వ సెక్షన్‌లో 5 శాతం సీట్లు రాశారు, 1995 చట్టంలో 3 శాతమే ఉండేది. కానీ అది ప్రభుత్వ కాలేజీలకు, ప్రభుత్వ సాయం అందుకునే కాలేజీలకే. ప్రైవేటులో చేరే మనలాంటి వాళ్లకు స్కాలర్‌షిప్ తప్ప దారి లేదు. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

హోసూరు రోడ్ మాస్టారు:
నీ బాధ నాకు అర్థమైంది నాయనా. అయినా మాట మారితే చూపు మారుతుందనే నా నమ్మకం.

కేఆర్ పురం అక్క:
సారీ, ఇవన్నీ అందరికీ తెలిసినవే కదా అని రాయలేదు. శాతం 55. ఆంధ్రాలో ఇచ్చే సదరం వైకల్య సర్టిఫికెట్, 2014లో మదనపల్లెలో ఉన్నప్పుడు తీయించాం. యూడీఐడీ అంటే ఆ సర్టిఫికెట్టే కాదా? నాన్న సెక్యూరిటీ సూపర్‌వైజర్, ఏడాదికి 3 లక్షల 60 వేలు వస్తుంది. పదో తరగతి తర్వాత చదువులకిచ్చే పోస్ట్ మెట్రిక్ కోసం చూస్తున్నా.

బెల్లందూరు బాబు:
అదే కారణం. పోస్ట్ మెట్రిక్‌కి తల్లిదండ్రుల ఆదాయం 2.5 లక్షలు దాటకూడదు, అందుకే మీకు లిస్టులో రావట్లేదు. సర్వర్ సంగతి కాదు. సదరం వేరు, యూడీఐడీ వేరు. ఏఐసీటీఈ, అంటే ఇంజినీరింగ్ లాంటి కాలేజీలకు గుర్తింపునిచ్చే కేంద్ర సంస్థ, ఇచ్చే సక్షం స్కాలర్‌షిప్ చూడండి.

తిప్పసంద్ర అమ్మ:
బాబు గారు సగం చెప్పి వదిలేశారు, మిగతాది నేను చెప్తా, మా పెద్దాడికి ఇదంతా చేశాం కాబట్టి. సక్షం కూడా అదే పోర్టల్లో ఉంటుంది. ఆదాయం 8 లక్షల వరకు ఫర్వాలేదు, వైకల్యం 40 శాతం నుంచి, ఏడాదికి 50 వేలు. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో డిగ్రీ గానీ డిప్లొమా గానీ మొదటి ఏడాదిలో ఉండాలి, లేదా లాటరల్‌గా, అంటే నేరుగా రెండో ఏడాదిలో చేరి ఉండాలి. మీ తమ్ముడు ఇప్పుడే చేరాడు కాబట్టి ఈ ఏడాదే పెట్టాలి తల్లీ, వదిలేస్తే మళ్లీ కుదరదు. యూడీఐడీకి స్వావలంబన్ కార్డ్ అనే సైట్లో పెట్టాలి, పాత సర్టిఫికెట్ అప్‌లోడ్ చేసే చోటు అందులోనే ఉంది. మా వాడిది పసుపు కార్డు, 40 నుంచి 80 లోపు ఉన్నవాళ్లకు అదే రంగు. ఇంకోటి, కాలేజీ వాళ్లు మాకు సంబంధం లేదనడానికి వీల్లేదు, అప్లికేషన్ ముందు వాళ్ల లాగిన్‌లోకే వెళ్తుంది, వాళ్లు వెరిఫై చేయకపోతే అక్కడే ఆగిపోతుంది. కాలేజీలో స్కాలర్‌షిప్పులు చూసే నోడల్ ఆఫీసర్ ఎవరని అడుగు, ఆఫీసు గుమాస్తాను కాదు.

మా రెండోవాడికి చదువు ఎక్కలేదు. ఇక్కడ లింగరాజపురంలో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే ఏపీడీ సంస్థ ఉంది, 1959 నుంచి నడుస్తోంది, వృత్తి శిక్షణ అక్కడే ఇప్పించాం. ఇప్పుడు సొంతంగా బస్సెక్కి పనికెళ్తాడు. బీటెక్ ఒక్కటే దారి అనుకోకండి.

వేణు, మారతహళ్లి:
అమ్మా, క్షమించాలి, ఆ మాట ఇక్కడ వద్దు. వినపడని పిల్లాడు బీటెక్ సీటు దాకా వచ్చాడంటే ఎంత కష్టపడి ఉంటాడు! నాకూ ఇంటర్ అయ్యాక అందరూ టైలరింగ్ నేర్చుకో అన్నారు.

తిప్పసంద్ర అమ్మ:
మానేయమని నేను అన్లేదు బాబూ. శిక్షణను తక్కువగా చూడొద్దన్నాను, అంతే.

బెల్లందూరు బాబు:
అక్కా, బ్యాంకు ఖాతాకి ఆధార్ లింక్ ఉంటే చాలదు, డీబీటీ, అంటే ప్రభుత్వం నేరుగా ఖాతాలో వేసే డబ్బు కోసం, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐలో ఆధార్ ఒక ఖాతాకి సీడింగ్ అయి ఉండాలి. బ్యాంకులో ఆ మాటే వాడి అడగండి. సీడింగ్ ఏ ఖాతాకి ఉంటే డబ్బు దాంట్లోకే పోతుంది, ఫారంలో ఏది రాసినా.

కేఆర్ పురం అక్క:
వాడి పేరు మీద రెండు ఖాతాలున్నాయి, ఇప్పుడు భయమేస్తోంది. సరే, రేపు పొద్దున బ్యాంకు, తర్వాత కాలేజీ. థాంక్స్ అండీ అందరికీ, నాన్న లేచారు, వెళ్తున్నా.

వైట్‌ఫీల్డ్ కిరణ్:
మా చెల్లి ఐటీఐ చేస్తోంది, ఒక కన్ను కనిపించదు. సర్టిఫికెట్లో 30 శాతం వేశారు. తనకు ఏదైనా ఉందా అండీ?