ఒళ్లో బిడ్డను గట్టిగా పట్టుకుంటే సరిపోదా? సడన్ బ్రేకు, జడత్వం గురించి ఒక సందేహం

బుజ్జిగాడి అమ్మ:
మొన్న ఆదివారం చౌటుప్పల్ దాటాక కారుకు గేదె అడ్డం వచ్చింది. మావారు సడన్ బ్రేకు వేశారు. నేను వెనక సీట్లో బాబును ఒళ్లో పెట్టుకుని ఉన్నాను. వాడికి పదకొండు నెలలు, తొమ్మిది కిలోలు. చేతుల్లోంచి జారలేదు కానీ తల వెళ్లి ముందు సీటుకు తగిలింది. బొప్పి కట్టింది. డాక్టరుకు చూపిస్తే భయం లేదన్నారు. మా అత్తగారు మాత్రం "ఇంకాస్త గట్టిగా పట్టుకోవాల్సింది" అంటున్నారు. స్పీడు నలభై కూడా దాటలేదు. గట్టిగా పట్టుకుంటే నిజంగా ఆగేవాడా? వచ్చే నెల విజయవాడ వెళ్లాలి. ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ సైన్సు మాస్టారు:
అమ్మా, కారు నలభైలో పోతుంటే బాబు కూడా నలభైలోనే పోతున్నాడు. బ్రేకు ఆపేది చక్రాలను. చక్రాలు కారును ఆపుతాయి. బాబును ఆపాల్సింది నీ చేతులే. ఎవరూ ఆపకపోతే వాడు అదే వేగంతో ముందుకే పోతాడు. జడత్వం అంటే ఇదే. 1687లో న్యూటన్ మొదటి నియమంగా రాసిందీ ఇదే. "బ్రేకు వేస్తే ముందుకు తోసేసింది" అంటాం గానీ అక్కడ తోసేవాళ్లెవరూ లేరు.

ఇక లెక్క. పొడి తారు రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే, నలభైలో ఉన్న కారు ఆగడానికి సుమారు ఎనిమిది మీటర్లు, సెకనున్నర పడుతుంది. ఆ సెకనున్నరా బాబును ఆపి ఉంచడానికి ఏడు కిలోల బరువు మోసేంత బలం చాలు. అది నీకు ఉంది, అందుకే వాడు జారలేదు. కానీ వాడితోపాటు నువ్వు కూడా ముందుకు వంగావు, తల తగిలింది.

అదే నలభైలో ఆగి ఉన్న లారీని గుద్దితే? కారు ముందుభాగం అర మీటరు నలిగి ఆగిపోయిందనుకుందాం. అదంతా సెకనులో పదో వంతు కూడా పట్టదు. ఆ క్షణంలో తొమ్మిది కిలోల బాబును పట్టి ఉంచాలంటే 110 కిలోలకు పైగా బరువు ఆపేంత బలం కావాలి. పహిల్వాన్ వల్ల కూడా కాదు. పైగా బెల్టు లేకపోతే ఆ సమయానికి నువ్వూ గాల్లోనే ఉంటావు. మీ అత్తగారికి ఈ లెక్క చూపించు. కోపం తెచ్చుకుంటే నా పేరు చెప్పు.

బుజ్జిగాడి అమ్మ:
మాస్టారూ, ఒళ్లు జలదరించింది. పోనీ నేను బెల్టు పెట్టుకుని, వాడినీ అదే బెల్టు లోపల కూర్చోబెట్టుకుంటే?

రిటైర్డ్ సైన్సు మాస్టారు:
వద్దమ్మా, అది ఇంకా ప్రమాదం. నీ బరువు 55 కిలోలనుకుంటే, ఆ గుద్దులో దాదాపు 700 కిలోల బరువులా వాడి మీద పడతావు. వాడు బెల్టుకూ నీకూ మధ్య నలిగిపోతాడు.

అంబాసిడర్ బాబాయ్:
మా చిన్నప్పుడు ఒకే కారులో తొమ్మిది మందిమి తిరుపతి వెళ్లొచ్చాం. ఎవరికీ ఏమీ కాలేదు.

గ్యారేజీ అన్న:
బాబాయ్, తొమ్మిది మందితో ఆ బండి అరవై దాటిందా? ఇప్పుడు హైవే మీద అందరూ తొంభైలో ఉంటున్నారు. వేగం రెట్టింపైతే గుద్దు బలం నాలుగింతలు.

అక్కా, మీరు ముందు ఒక పని చేయండి. వెనక సీటు బెల్టు బకిళ్లు ఎక్కడున్నాయో వెతకండి. మా దగ్గరికి వచ్చే బళ్లలో చాలావాటికి అవి సీటు కవరు కిందే పడి ఉంటాయి. కారు కొన్నరోజు కవర్లు వేయించి, మళ్లీ వాటి మొహం చూడరు. తర్వాత బెల్టు మెల్లగా లాగండి, రావాలి. ఒక్క కుదుపు కుదపండి, పట్టేయాలి. కుదిపినా జారుతూ వస్తే బెల్టు చుట్టుకునే రీలు మార్పించాలి.

ఆ రీలు పనిచేసేది కూడా మాస్టారు చెప్పిన జడత్వంతోనే. లోపల చిన్న స్టీలు గోళీ గానీ లోలకం గానీ ఉంటుంది. కారు టక్కున ఆగితే అది ముందుకు జరిగి ఒక మీటను ఎత్తుతుంది, ఆ మీట వెళ్లి పళ్లచక్రాన్ని పట్టేస్తుంది. బండిని బాగా వాలు మీద ఆపినప్పుడు బెల్టు రాకపోవడానికీ ఆ గోళీయే కారణం. అది రిపేరు కాదు, కంగారు పడకండి.

రిటైర్డ్ సైన్సు మాస్టారు:
బాగా చెప్పావు నాయనా. ఈ మూడు చోట్ల పట్టే బెల్టును 1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ తెచ్చాడు. మిగతా కంపెనీలు కూడా వాడుకునేలా ఆ పేటెంటును అందరికీ వదిలేశారు.

ఇద్దరు పిల్లల తండ్రి:
చెల్లెమ్మా, బాబుకు చైల్డ్ సీటు కొనండి. ఈ వయసులో వాడి మొహం కారు వెనకవైపు ఉండేలా బిగించాలి. పసివాళ్ల తల పెద్దది, మెడ లేతది. ముందుకు చూస్తూ కూర్చుంటే ఒళ్లు బెల్టు దగ్గర ఆగుతుంది, తల మాత్రం ముందుకు లాగేస్తుంది. వెనక్కి తిరిగి ఉంటే వీపూ తలా కలిసి సీటు చిప్పలో ఆనుకుంటాయి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో మాత్రం దాన్ని అస్సలు పెట్టకండి. బిగించాక, బెల్టు దూరే చోట పట్టుకుని ఊపితే అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు. మన చట్టంలో కూడా 2019 సవరణ తర్వాత 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. ఎక్కడా ఆపి అడిగినవాళ్లను నేను చూడలేదనుకోండి, అది వేరే సంగతి.

ఇంకోటి, విజయవాడ నుంచి ఆవకాయ వస్తుందిగా? ఆ జాడీని వెనక అద్దం దగ్గరి అరలో పెట్టొద్దు. అయిదు కిలోల జాడీ ఆ గుద్దులో అరవై కిలోలై తల మీదికొస్తుంది. డిక్కీలో కింద, సీటు వీపుకు ఆనించి పెట్టండి.

డిగ్రీ కుర్రాడు:
మాస్టారూ, ఘాట్ రోడ్డులో కుడికి తిరిగితే ఎడమ డోరు మీద పడటం కూడా ఇదేనా?

రిటైర్డ్ సైన్సు మాస్టారు:
ఇదే. నువ్వు నేరుగా పోవాలనుకుంటావు, డోరు వచ్చి నిన్ను పక్కకు తిప్పుతుంది. కళ్లారా చూడాలంటే, ముప్పాతిక నీళ్లున్న సీసాను కారులో, మూతి ముందువైపుకు ఉండేలా పడుకోబెట్టు. బ్రేకు వేసినప్పుడు నీళ్లు ముందుకు పోతాయి, గాలి బుడగ వెనక్కి పోతుంది. డ్రైవింగ్ చేస్తూ మాత్రం చూడకు.

బుజ్జిగాడి అమ్మ:
అందరికీ థాంక్స్. సీటు కొన్నాం. మొదటి రోజు ఇరవై నిమిషాలు ఏడ్చాడు, రెండో రోజు ఎల్బీ నగర్ రాకముందే నిద్రపోయాడు. నా బకిల్ సీటు కవరు కింద దొరికింది, దాంతోపాటు మావారు పోగొట్టుకున్న పెన్నూ దొరికింది. అత్తగారి వైపుది మాత్రం ఇంకా తీయాలి, కవరు కుట్లు విప్పాల్సిందేనట. ఆవిడే కత్తెర పట్టుకుని కూర్చున్నారు.