బీపీ అదుపు లెక్కలో సగటు పెరిగితే చాలా, ఎవరు మిగిలిపోతున్నారో కూడా చూడాలా?

పెరంబూరు వాణి:
చెన్నైలో ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో నర్సుని. మొన్న మీటింగులో బీపీ అదుపులో ఉన్నవాళ్ళ గ్రాఫు పైకి లేచిందని చప్పట్లు కొట్టారు. తర్వాత రిజిస్టరు తిరగేశాను. ఎర్ర ఇంకుతో ‘రాలేదు’ అని రాసిన పేర్లు ఎక్కువగా ఊడ్చే పనివాళ్ళవే. మన తెలుగువాళ్ళే, తాతల కాలంలో వచ్చి ఈ ఊరు ఊడుస్తున్నవాళ్ళు. తెల్లారకముందే డ్యూటీకి పోతారు. దిగి, స్నానం చేసి వచ్చేసరికి ఓపీ చీటీలు ఆపేస్తాం. వీళ్ళ లెక్క విడిగా చూద్దామంటే, ‘అందరికీ ఒకటే వైద్యం, విడదీయడమెందుకమ్మా’ అన్నారు పైవాళ్ళు. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
పైవాళ్ళదే రైటు. ఉన్న రిజిస్టర్లకే మీకు చేతులు చాలవు, ఇంకో గడి గీస్తే రోగి మొహం చూసే టైము కూడా పోతుంది. 1994లో తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ పెట్టినప్పుడు ఎవరిది ఏ పేట అని అడిగారా? మందుల కొనుగోలు, గోడౌన్లు సరిచేశారు. లాభపడిందెవరు? బయట కొనుక్కోలేనివాడే.

పెరంబూరు వాణి:
మందు బీరువాలో ఉంది మాస్టారూ. మనిషే రావట్లేదు.

కొరుక్కుపేట కుర్రాడు:
మా అమ్మ ఊడ్చే పనే. ‘మక్కళై తేడి మరుత్తువం’ అని 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లాలో మొదలైంది కదా, ఇంటికే బీపీ, షుగరు మందులు. 2024లో ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది. మంచి పథకమే, కాదనను. కానీ వాళ్ళు వచ్చే టైముకి మా తలుపుకి తాళం. ఒకసారి పక్కింటి అత్త చేతికిచ్చి పోయారు. ఆవిడ అమ్మ బీపీ మాత్రల్నీ తన షుగరు మాత్రల్నీ ఒకే హార్లిక్స్ సీసాలో పోసింది. అమ్మకి చదవడం రాదు, చిన్న మాత్ర తనది అనుకుని మింగింది. మీ సగటులో ఇదెక్కడ కనపడుతుంది మాస్టారూ?

ఇంకో మాట, వాణక్కా. పేరు పక్కన ‘ఊడ్చే పని’ అని మాత్రం రాయొద్దు. ఆ ముక్క చూసి కుర్చీ వెయ్యనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఓపీ డాక్టరు:
తమ్ముడి భయం నిజం. అసలు లెక్క కట్టే పద్ధతిలోనే ఉంది కిటుకు. 2017లో మొదలైన దేశవ్యాప్త రక్తపోటు కార్యక్రమంలో 140/90 లోపు ఉంటేనే అదుపులో ఉన్నట్టు. రానివాళ్ళు కూడా మొత్తంలోనే ఉంటారు, తీసెయ్యకూడదు. తీసేస్తే ఏ సెంటరైనా ఫస్టు క్లాసే. వందమందిలో నలభైమంది రాకపోయి, వచ్చిన అరవైలో నలభై ఐదుమందికి అదుపులో ఉంటే, మీరు డెబ్బై ఐదు శాతం అంటారు, నేను నలభై ఐదంటాను.

పని రాయక్కర్లేదు. ‘రాలేదు’ పక్కన ‘ఎందుకు’ అని ఒక్క మాట రాయండి. ‘డ్యూటీ టైము’ అన్నదే పదేపదే వస్తే రెండు వారాలు ఒక్క వీధికి ఏదో ఒకటి మార్చి చూడండి. పని చేస్తే ఉంచండి, లేకపోతే తీసెయ్యండి.

పెరంబూరు వాణి:
అయితే హాజరు వేసే చోటుకే మెషీను పట్టుకెళ్తా, పొద్దున్న ఐదున్నరకి. మాత్రలు అక్కడే, వాళ్ళ చేతికే.

లెక్కల మాస్టారు:
వెళ్ళమ్మా, ఆపను. రోజూ ఆ గంట ఎవరి డ్యూటీలో రాస్తారో అది కూడా ముందే అడుగు.