పక్షుల లిస్టు పెరిగితే చెరువు బాగుపడినట్టేనా?

చెరువుగట్టు:
మా కాలనీ పక్కన చిన్న చెరువుంది, పేరొద్దులే. ఫిబ్రవరిల గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ (లోకమంత మామూలు జనం పిట్టల్ని లెక్కపెట్టే కార్యక్రమం) టైంల పోయినేడు 41 రకాల పిట్టలు రాసినం, ఈసారి 58. వాట్సాప్ గ్రూపుల పొద్దటి నుంచి ఒకటే చప్పట్లు, జీవవైవిధ్యం పెరిగింది అని. నాకు మాత్రం మింగుడు పడ్తలేదు, ఎందుకంటే ఈ మధ్యనే సగం గట్టు వాకింగ్ ట్రాక్ చేసిన్రు, తుంగ మొత్తం పీకి పడేసిన్రు. తుంగ పోయినంక రకాలెట్ల పెరుగుతయ్? నాదే తప్పా, లెక్కదా?

లెక్కల మాస్టారు:
ముందు ఇది చెప్పండి. పోయినేడు ఎంతమంది లెక్కపెట్టారు, ఎంతసేపు?

చెరువుగట్టు:
పోయినేడు ముగ్గురం, గంటన్నర. ఈసారి పద్నాలుగు మంది, పొద్దున సాయంత్రం రెండు పూటలు, ఒకాయన దగ్గర ఇంత పొడుగు లెన్సు.

లెక్కల మాస్టారు:
ఇంకేం, పెరిగింది పిట్టలు కాదండీ, కళ్లు. ఎక్కువసేపు చూస్తే ఏ చెరువులోనైనా లిస్టు పెరుగుతుంది. పోల్చాలంటే రెండేళ్లకీ ఒకే సైజు శాంపిల్ తీసుకుని చూడాలి.
రెండోది, రకాల సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం. రెండు చెరువులు అనుకోండి, రెండిట్లోనూ 100 పిట్టలు, 5 రకాలు. ఒకదాంట్లో రకానికి 20. రెండోదాంట్లో 96 పావురాలు, మిగతా నాలుగు రకాలు తలా ఒకటి. లిస్టులో రెండూ సమానమే! అందుకే 1949లో సింప్సన్ అనే ఆయన ఒక కొలత (ఇండెక్స్) ఇచ్చాడు: కళ్లు మూసుకుని రెండు పిట్టల్ని తీస్తే అవి వేరే రకాలయ్యే అవకాశం ఎంత అని. మొదటి చెరువుకి సుమారు 80 శాతం, రెండోదానికి 8 దాటదు. ఈ లెక్క వేయకుండా పెరిగింది, తగ్గింది అనే మాటకి అర్థం లేదు.

కొల్లేటి కుర్రాడు:
మాస్టారూ మీ ఇండెక్స్ బోర్డు మీద బాగానే ఉంటదండి, మా వైపు వచ్చి చూడండి. కొల్లేరు 1999లో అభయారణ్యం అయ్యింది, 2002లో రామ్‌సర్ సైట్, అంటే ప్రపంచ స్థాయిలో ముఖ్యమైన చిత్తడినేల, అయ్యింది, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు, అయినా గొడవ మాత్రం తెగలేదు. చెరువులోళ్లు ఏమంటారంటే మా చెరువుల మీద కొంగలూ నీటికాకులూ బోల్డు వాలుతున్నాయి, ఇంకేం నష్టం అని. నిజమే వాలతాయండి, చేపలున్నాయిగా! కానీ లోతులేని నీళ్లలో, గడ్డిలో బతికేవాటికి ఆ లోతు చెరువుల్లో ఏం పనండీ? కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెట్టేది మనుషులు పాతిన ఇనప స్టాండ్ల మీద. గూడబాతుల సంఖ్య చూసి కొల్లేరు బాగుంది అనేస్తామా? నన్నడిగితే ఏ రకాలు పోయాయి అన్నదే లెక్క, ఎన్ని ఉన్నాయన్నది కాదు.

లంకమల:
నేనూ ఇదే చెప్పాలనుకుంటి. మాస్టారుకు కోపం వద్దు. మా కడప పక్క కలివికోడి కత తెలుసు కదా. 1848 ప్రాంతంలో జెర్డన్ అనే పక్షుల శాస్త్రవేత్త దాన్ని లోకానికి చూపించినాడు, 1900 తర్వాత ఎవురికీ కనపడలే, 1986లో ఐతన్న అనే మా పక్క మనిషి చేతికి చిక్కితే మళ్లా లోకానికి తెలిసె. రేత్రిపూట తిరిగే పక్షి, ముళ్లపొదల్లో ఉంటాది. దాన్ని ఎతకడానికి పొదల మధ్య మెత్తటి మన్ను పరిచి కాలి గుర్తులు చూసేవాళ్లు. మీ గంటన్నర కౌంటులో అది వస్తాదా? రాదు. వచ్చినా వందలో ఒకటి, మీ సింప్సన్ లెక్క దాన్ని గాలికి ఎగరగొడతాది. ఆ పక్షి కోసమే తెలుగుగంగ కాలవ దారి మార్చినారు, ఇండెక్స్ చూసి కాదు.

లెక్కల మాస్టారు:
కోపమెందుకండీ. ఒప్పుకుంటాను, అరుదైనవాటికి సింప్సన్ గుడ్డిదే, అది ఎక్కువ సంఖ్యలో ఉన్నవాటికే బరువిస్తుంది. అందుకే దాంతోపాటు ఇంకో ప్రశ్న అడగాలి, ఈ చెరువులో ఉన్నవి పక్క చెరువులో ఉన్నాయా లేదా అని. ఊరంతా అన్ని చెరువులకీ ఒకేలా ట్రాకులు, అవే పావురాలు అవే గోరింకలు అయితే ఒక్కో చెరువు లిస్టు బాగానే కనిపిస్తుంది, మొత్తం మీద మాత్రం పోగొట్టుకుంటాం. కానీ లెక్కే వద్దంటే ఒప్పుకోను. కలివికోడి ఎక్కడెక్కడ తిరుగుతుందో తెలిసింది కూడా ఆ కాలి గుర్తుల్ని వరసగా చూసి లెక్కపెట్టబట్టేగా.

కొల్లేటి కుర్రాడు:
లెక్క వద్దని ఎవరన్నారండీ, తేలిగ్గా లెక్కించగలిగేవే లెక్కిస్తున్నారు అంటున్నా. పక్షులైతే కనబడతాయి, ఫోటో దిగుతాయి. అడుగున బురదలో నత్తలు, పురుగులు, చిన్న చేపలు ఎవరు చూశారు?

చెరువుగట్టు:
సరే నా లిస్టు మళ్ల చూసిన. పోయినేటి 41లో తొమ్మిది ఈసారి లేవు, అందుల ఐదు తుంగలో ఉండేటియే. కొత్తగ వచ్చిన 26లో సగానికి ఎక్కువ చెరువువి కావు, పక్క పార్కు చెట్ల మీదియి. గ్రూపుల పెడితే ఒకాయన "నెగటివ్ మాట్లాడకు అన్నా" అన్నడు. వచ్చే ఆదివారం పాత ముగ్గురమే పోతం, అదే గంటన్నర, అదే గట్టు. తూనీగలు గుర్తుపట్టేటోళ్లు ఎవరన్న ఉంటే రాండ్రి, చాయ్ నాది.