32వ వారంలో పొట్ట కొలత పెరగలేదు, గ్రోత్ స్కాన్ అడగాలా?

నాకిప్పుడు 32వ వారం, మొదటి ప్రెగ్నెన్సీ. 28వ వారంలో మిడ్‌వైఫ్ టేపుతో కొలిస్తే 28 సెంటీమీటర్లు వచ్చింది, 30కి 29, నిన్న చూస్తే మళ్ళీ 29యే. 24 వారాలు దాటాక ఎన్ని వారాలైతే దాదాపు అన్ని సెంటీమీటర్లు, రెండు అటూ ఇటూ అయినా పర్లేదంటారు కదా, నాది మూడు తక్కువ, పైగా రెండు వారాలుగా అసలు పెరగలేదు, నా భయమంతా దాని గురించే.

కాకపోతే నిన్న కొలిచింది వేరే ఆవిడ. మొదటావిడ నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, గర్భసంచి పైఅంచు ఎక్కడుందో చేత్తో నెమ్మదిగా తడిమి చూసి, అంకెలు కనబడకుండా టేపు తిరగేసి పట్టుకుని అక్కణ్ణుంచి పొత్తికడుపు కింద ఎముక దాకా కొలిచేవారు. ఈవిడేమో నేను దిండ్లకి ఆనుకుని సగం కూర్చుని ఉండగానే గబగబా కొలిచేశారు. బీపీ, షుగర్ నార్మల్, 20వ వారం స్కాన్ బాగుంది, బిడ్డ ఎప్పట్లాగే బాగా కదులుతోంది.

ఇంట్లో మా ఆయన కొలిస్తే ఒకసారి 31, ఇంకోసారి 28, పైఅంచు మాకు సరిగ్గా దొరకట్లేదు. ఫోన్ చేసి అడిగితే 34కి రండి చూద్దాం అన్నారు.

ఇలా కొలత ఆగిపోయినవాళ్ళు, లేదా ఈ పని చేసే నర్సులు ఎవరైనా చెప్పండి, 34 దాకా ఆగకుండా ఇప్పుడే గ్రోత్ స్కాన్ కావాలని గట్టిగా అడగాలా?