సమస్య: చొక్క లేనివాడె సొగసుకాడు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య పైనే ఉంది. అదే చివరి పాదంగా పద్యం పూరించాలి. మొన్న క్షవరానికి వెళితే అక్కడ మగవాళ్ళ ఫ్యాషన్ పత్రిక ఒకటి కనిపించింది. నా వంతు వచ్చేదాకా తిరగేశాను. బెల్టు, బూట్లు ఒకే రంగులో లేకపోయినా, కోటు చివరి గుండీ పెట్టుకున్నా, మేజోళ్ళ మీద చెప్పులు వేసుకున్నా ఇక ఆ మనిషి పనికిరాడట. చలికాలమంతా మేజోళ్ళ మీద చెప్పులతోనే బడికి వెళ్ళి పాఠాలు చెప్పిన మా నాన్నగారు గుర్తొచ్చారు. మనసు చివుక్కుమంది. ఇంటికొస్తుంటే దారిలో ఈ పాదం తట్టింది.

పాతకాపు:
పట్టు పంచె లేదు పరమేశునకుఁ జూడ
బూది పూత, మెడను పూసలుండు
గౌరి మెచ్చి యతని కరమును గైకొనె
చొక్క లేనివాడె సొగసుకాడు

కచ్చితం: గణాలు శుభ్రంగా ఉన్నాయి. మూడో పాదంలో గౌ-క యతి వేయడం పాతకాపు గారికే చెల్లు. కానీ చొక్కా లేదనగానే శివుడేనా? కిందటిసారి ‘పాము’ సమస్యకీ ఆయనే, అంతకుముందు ‘బూడిద’కీ ఆయనే. పత్రిక సంగతి ఎక్కడ?

పాతకాపు: ఎవరిని తెచ్చినా నా గణం తప్పలేదు కచ్చితం గారూ. ‘నల్లకోటు’ పూరణలో ‘టై’ని లఘువుగా లెక్కపెట్టింది మీరే.

కచ్చితం: అది ఆ రోజే దిద్దాను. సవరణ అక్కడే కింద ఉంది, చూడండి.

నేతపంచె:
మదుర నగరి నాఁడు మానెఁ జొక్కాయిని
గాంధితాత పేదఁ గాంచి కరఁగి
కోటలోన రాజుఁ గొల్లాయితోఁ గల్సె
చొక్క లేనివాడె సొగసుకాడు

1921 సెప్టెంబరులో మదురైలో గాంధీ చొక్కా వదిలేశారు. 1931లో బకింగ్‌హామ్ భవనంలో ఐదో జార్జి తేనీటి విందుకీ కొల్లాయితోనే, పైన శాలువా కప్పుకుని వెళ్ళారు. సరిగ్గా అదే 1931లో అమెరికాలో ‘అపారెల్ ఆర్ట్స్’ అనే పత్రిక మొదలైంది. బట్టల కొట్లవాళ్ళ కోసం పెట్టింది అది. కొట్టుకొచ్చినవాడికి ఏం చూపించాలో, ఏం నప్పుతుందో చెప్పడం దాని పని. అదే పేరు మారి జెంటిల్‌మెన్స్ క్వార్టర్లీ అయి, చివరికి జీక్యూ అయింది. మన దేశానికి 2008లో వచ్చింది. అమ్మేవాడికి చెప్పిన సలహా కొనేవాడి మీద తీర్పైపోయిందని నా బాధ.

కొత్తకలం: ఆ రెండూ ఒకే ఏడు అని చదవగానే ఒళ్ళు పులకరించిందండీ.

కచ్చితం: మంచి పూరణ. ‘గల్సె’ మాత్రం పంటి కింద రాయిలా ఉంది. ‘గొల్లాయితోఁ జేరె’ అంటే గణమూ దక్కుతుంది, భాషా నిలుస్తుంది.

నేతపంచె: దిద్దుకుంటాను, ధన్యవాదాలు.

కొత్తకలం:
బెల్టు రంగుఁ జూచి వెక్కిరింపఁ డెవని
గుండి పెట్టుకున్న గొణుగఁ డసలు
ఎదుటివాని తోడ నెన్నఁడు బట్టపే
చొక్క లేనివాడె సొగసుకాడు

పాతకాపు: పేచొక్క! బట్టల పేచీ ఒక్కటైనా లేనివాడు! రెండుసార్లు చదివితే గానీ విరుపు అందలేదు. చొక్కా తొడుక్కునే ఉన్నాడు, సొగసుకాడూ అయ్యాడు. ఈ వారానికి ఇదే పద్యం అమ్మా.

కచ్చితం: విరుపు నాకూ నచ్చింది. కానీ ‘పేచి’ ఏమ్యాదుల్లో, అంటే ఏమి, మఱి, అది లాంటి ఇకారసంధి చెయ్యదగిన మాటల్లో లేదు. అక్కడ సంధి చెయ్యకూడదు, ‘పేచి యొక్క’ అనే ఉండాలి. చేశారే అనుకుందాం, అప్పుడు ‘చొ’లో యతి ఒకారానిదవుతుంది. ‘సొ’తో ఎలా కుదురుతుంది?

పాతకాపు: అవన్నీ నిజమే. అయినా ఇంత అందమైన విరుపుకి ఆ మాత్రం సడలింపు ఇవ్వాలంటాను. ‘టై’కి మేం ఇవ్వలేదూ?

కచ్చితం: ‘టై’ వేరు, సంధి వేరు.

కొత్తకలం: సంధి సంగతి నాకు తెలియలేదు కచ్చితం గారూ, నేర్చుకుంటాను. మా తమ్ముడు మొదటి ఇంటర్వ్యూకి నల్ల బూట్లు, గోధుమరంగు బెల్టుతో వెళ్ళాడు. ఉన్నవి అవే. అవతల కూర్చున్నాయన చదువు గురించి ఒక్క మాటా అడగకుండా బెల్టు గురించే మాట్లాడాడట. ఇంటికొచ్చి దాన్ని చుట్టచుట్టి బీరువా అడుగు అరలో పెట్టేశాడు. మళ్ళీ బయటికి తియ్యలేదు. పద్యం వాడికోసమే రాశాను.

కచ్చితం: సంధికి నేను ఇప్పటికీ ఒప్పుకోను. పద్యం మాత్రం రాసిపెట్టుకున్నాను. మా అబ్బాయి వచ్చే నెల ఉద్యోగంలో చేరుతున్నాడు, వాడికి పంపుతాను.

నిర్వాహకుడు: శనివారం రాత్రిదాకా గడువుంది. పాతకాపు గారూ, ఈసారి కైలాసం దిగి ఇంకొకటి ఇవ్వాలి.